బొగ్గుకు రిటైర్‌మెంట్ లేదు

ప్రతి వాటర్ ప్లాంటులోనూ ఇసుక ట్యాంకు పక్కన ఇంకో ట్యాంకు నిలబడి ఉంటుంది. అందులో ఉండేది కార్బన్. దసరాకు దానికి గంధం పూసి బొట్టు పెడతారు, బంతిపూల దండ వేస్తారు, నిమ్మకాయ కోస్తారు. లోపలి బొగ్గు ఎప్పుడు మార్చారని అడిగితే మాత్రం “ప్లాంటుతోపాటే వచ్చిందండీ” అంటాడు ఓనరు, పెళ్లినాటి ఇత్తడి బిందె గురించి చెబుతున్నంత గర్వంగా. ప్లాంటు ఎప్పటిదంటారా? ఆనాడు రిబ్బన్ కత్తిరించిన ఎమ్మెల్యే ఈలోగా రెండు పార్టీలు మారాడు. బొగ్గు మాత్రం మారలేదు. అంత విధేయత ఈ రోజుల్లో ఎక్కడుంది?

నిజానికి అది గట్టి పనిమంతురాలే. కొబ్బరి చిప్పను బొగ్గు చేసి, 900 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టిస్తే ఒళ్లంతా కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి. ఒక్క గ్రాములోని ఆ రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే దాదాపు 1,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 1,200 గజాలు. మన రియల్టర్ల కంట పడలేదు కాబట్టి బతికింది, లేకుంటే గ్రాముకు నాలుగు ప్లాట్లు కొట్టి ప్రీ-లాంచ్ ఆఫర్ పెట్టేవాళ్లు. ఆ జాగా ఉన్నంతకాలం వాసననీ, రంగునీ, పురుగుమందుల అవశేషాల్నీ పట్టుకుంటుంది, క్లోరిన్‌ను విరగ్గొడుతుంది. నిండాక పట్టుకోదు.

“రోజూ బ్యాక్‌వాష్ కొడుతున్నాం కదండీ!” ఇది రెండో మంత్రం. మల్టీపోర్ట్ వాల్వ్ పిడి తిప్పితే నీళ్లు కింది నుంచి ఎగదన్ని, గడ్డకట్టిన బొగ్గును లేపి, మట్టినీ పొడినీ బయటికి నెడతాయి. మంచిదే. కానీ రంధ్రాల్లో కూర్చున్నది నీళ్లకు లేవదు. దాన్ని లేపాలంటే మళ్లీ కొలిమిలో పెట్టాలి. అయినా బ్యాక్‌వాష్‌కు ఖర్చు లేదు, కొత్త కార్బన్‌కు ఉంది. కాబట్టి శాస్త్రం ఎటున్నా మన నమ్మకం పిడి మీదే. పోనీ, ఆ తిప్పడమైనా సమయానికి జరుగుతుందా? ట్యాంకుకు ముందూ వెనకా ఉన్న ప్రెషర్ గేజీల తేడా చూసి తిప్పాలి. మోటారు నడిచినా ఆగినా రెండు ముళ్లూ సున్నా మీదే నిద్రపోతుంటాయి.

అపార్టుమెంట్లలో పరీక్షాధికారి టీడీఎస్ పెన్ను. ఏఎంసీ కుర్రాడు దాన్ని గ్లాసులో ముంచుతాడు, 60 అని చూపిస్తుంది, సెక్రటరీగారి ముఖం వెలిగిపోతుంది. ఆ పెన్ను కరిగిన లవణాల్ని తప్ప దేన్నీ చూడలేదు. కార్బన్ లవణాల జోలికే పోదు. ట్యాంకులో కొత్త కార్బన్ ఉన్నా, చచ్చిన కార్బన్ ఉన్నా, ఉత్త గులకరాళ్లు ఉన్నా అంకె అదే. ఈలోగా విరగని క్లోరిన్ నేరుగా వెళ్లి ఆర్‌ఓ మెంబ్రేన్‌ను కొరుకుతుంటుంది. మెంబ్రేన్ పోయాక ఆ పెన్ను కూడా మేలుకొంటుంది. అప్పుడు “మెంబ్రేన్ డూప్లికేటు” అని తీర్మానించి కొత్తది కొంటారు. కుళాయి నీళ్లయితే, ఈత కొలనుల వాళ్లు క్లోరిన్ చూడటానికి వాడే చిన్న సీసా నుంచి నాలుగు చుక్కలు చాలు: ట్యాంకు దాటిన నీళ్లు పచ్చబడితే కార్బన్ పని అయిపోయినట్టే. కానీ సీసాకు తెర లేదు, అంకెలు లేవు. కమిటీకి అది సైన్సులా అనిపించదు.

క్లోరిన్ కథ ఇంకాస్త ఉంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని ఐఎస్ 10500 చెబుతుంది. మున్సిపాలిటీ ఖర్చుపెట్టి కలుపుతుంది, మనం ఖర్చుపెట్టి తీసేస్తాం. కాపలా పోయింది, చీకటి ఉంది, బొగ్గుకు పట్టిన తిండి ఉంది: సూక్ష్మజీవులకు ఇంతకన్నా మంచి గేటెడ్ కమ్యూనిటీ దొరకదు. మెయింటెనెన్స్ ఛార్జీలు కూడా మనమే కడుతున్నాం. సంక్రాంతికి ప్లాంటు ఆపి ఊరెళ్లొచ్చి, తొలి నీళ్లు పారబోయకుండా క్యాన్లకు పట్టేవాళ్లను ఆ జీవులు తరతరాలు తలుచుకుంటాయి.

ఎప్పటికో మార్చడానికి సిద్ధపడ్డారనుకుందాం. నాణ్యత తెలిపేది అయోడిన్ వాల్యూ. 900, 1,000 ఉంటే మంచి సరుకు. “ఎంతుంది?” అని అడిగితే దుకాణదారు ఎదురడుగుతాడు: “మీకెంత కావాలి సార్?” బస్తా మీద అదే ప్రింటు వేసిస్తాడు.

ఇక పెద్ద ఇనుప ట్యాంకు అయితే పాత కార్బన్ తోడడానికి మనిషి లోపలికి దిగాలి. ఇక్కడ వేళాకోళం ఆపుతాను. తడి కార్బన్ ట్యాంకులోని గాలి నుంచి ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. వాసన రాదు, ముందుగా తెలియదు, దిగినవాడు కూలిపోతాడు, వాణ్ని లాగబోయిన రెండోవాడూ కూలిపోతాడు. దింపే ముందు లోపలి గాలిని పరీక్షించాలి, బయటి గాలి పంపాలి, నడుముకు తాడు కట్టాలి, పైన ఒకరు కదలకుండా ఉండాలి. మనం ఇచ్చేవి బకెట్టు, పార, సెల్‌ఫోన్ టార్చి, “పది నిమిషాల పనేరా” అనే ధైర్యం. బయటికొచ్చాక బిల్లులో దాన్ని “లేబర్ ఛార్జి” అని రాస్తారు. దాని మీద వంద తగ్గించమని కోశాధికారిగారు బేరమాడతారు.