కూర్మావతారమునకు టిక్కెట్టు

ఈ నడుమ మా నెల్లూరు జిల్లాలో కాస్త కలిగినవారి యింటికి పోయితిమా, కాఫీ గ్లాసుతోపాటు ఒక సెల్‌ఫోను కూడ చేతికి వచ్చుచున్నది. అందులో అమెరికాలోనున్న కొడుకో అల్లుడో నీలిరంగు నీటిపై బోర్లపడి తేలుచు, కన్నులకు అద్దపు తొడుగు బిగించి, నోట నొక గొట్టము కఱచుకొని, కాళ్ళకు రబ్బరు రెక్కలు తగిలించుకొని, తన దారిన తాను పోవుచున్న యొక సముద్రపు తాబేలును వెంబడించుచుండును. ఆ పనికి పేరు స్నార్కెలింగు. దానివలన గలుగు ఫలము ప్రకృతితో తాదాత్మ్యము. కరేబియను దీవులలో ఈ తాదాత్మ్యము గంటల లెక్కన అమ్ముదురు. పడవ కూలి, గొట్టపు అద్దె, మధ్యాహ్న భోజనము అన్నియు అందులోనే కలిసియుండును. ఇంతటితో ఆగినచో నాకు పేచీ లేదు: ఎవరి డాలర్లు వారివి, ఎవరి మునక వారిది. కాని సెలవులకు వచ్చిన యీ స్నాతకులు ఊరకుండక, మన ముత్తుకూరు సముద్రములో మాత్రము తాబేళ్ళు లేవా, నాలుగు పడవలు, నలుబది గొట్టములు తెచ్చిపెట్టినచో కృష్ణపట్నము మఱియొక బార్బడోసు కాదా, అని సలహా చెప్పుటయు, విన్న పెద్దమనుష్యులు ఔనౌనని తలలూపుటయు జరుగుచున్నందున ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

ముందుగా గురుపీఠమును గూర్చి విచారింతము. 1503వ సంవత్సరము మే నెలలో కొలంబసు తన నాలుగవ యాత్రలో కేమన్ దీవుల ప్రక్కగా పోవుచు, ఆ నీటినిండ తాబేళ్ళే కనబడుటచే వానికి తాబేళ్ళ దీవులని పేరు పెట్టెను. ఆయన పేరు పెట్టి పోగా, తరువాత వచ్చినవారు పొయ్యిమీద కుండ పెట్టిరి. వెల్లకిల త్రిప్పి పడవేసిన తాబేలు ఓడలో వారముల తరబడి ప్రాణముతో నుండునని, మాంసము చెడదని కనుగొన్న నావికుల తెలివి వలనను, తాబేలు చారు లేని విందు విందే కాదని పట్టుబట్టిన లండను పెద్దల రసికత వలనను, 1800 ప్రాంతమునకు ఆ దీవులలో గ్రుడ్లుపెట్ట వచ్చు తాబేలు మృగ్యప్రాయమయ్యెను. 1968లో అక్కడ తాబేళ్ళ పెంపకశాల యొకటి వెలసి నేటికిని నడుచుచున్నది. అందులో ఒకవైపు యాత్రికులు తాబేటి పిల్లలను చేతులలోనికి ఎత్తుకొని ఫోటోలు దిగుదురు. మఱొకవైపు ఆ సంస్థయే తాబేటి మాంసమును స్థానికులకు విక్రయించును, ఏలనగా తాబేటి కూర అచటి సంప్రదాయ వంటకము. నేను దీనిని నిందించుట లేదు. చేపల పులుసు పేరు చెప్పిన చాలు కంచము ముందు కూర్చుండు నెల్లూరివాడు పరుల కుండలోనికి తొంగిచూచి ముక్కు మూసికొనుట మర్యాద కాదు. పైపెచ్చు ఆ యేర్పాటులో ఒక నిజాయితీ కలదు: ప్రేమకొక కిటికీ, పులుసుకొక కిటికీ, రెండుచోట్లను రసీదు.

నిజాయితీ లోపించినది స్వేచ్ఛగా తిరుగు తాబేళ్ళ దగ్గఱ. ఆకుపచ్చ తాబేలనునది ఎదిగిన పిమ్మట ముఖ్యముగా సముద్రపు గడ్డి మేసి బ్రతుకు సాధుజీవి. బార్బడోసులో పడవలవారు దానికి చేపముక్కలు చల్లి అలవాటు చేసిరి. కురసావు దీవిలో జాలరులు చేపలు కోసి విసరివేసిన వ్యర్థములకై అవి రేవు చేరును. శాకాహారిని ముష్టికి మరపి, అది గిన్నె దగ్గఱకు వచ్చినపుడు, ఆహా మనుష్యుడనిన దీనికెంత చనువో యని కన్నీరు పెట్టుకొను తాదాత్మ్యము మన పురాణములలో కనబడదు. తాబేలు నీట బ్రతికినను ఊపిరితిత్తులు గల ప్రాణి. గాలి పీల్చుటకు పైకి రాక తప్పదు. వచ్చినప్పుడెల్ల దాని నెత్తిపై ఒక డజను పొట్టలు తేలుచుండును. గాలికొఱకు గొట్టము వెంట తెచ్చుకొన్నవాడు, గొట్టము లేనిదాని దారికి అడ్డముగా పండుకొనుటయే ఈ క్రీడయందలి సారము.

ఇక ముత్తుకూరు సంగతి. ఈ మండలమునకు లోపించినదేమియు లేదు. కండలేరు సముద్రమున గలియు చోట 2008లో ప్రారంభమైన కృష్ణపట్నము ఓడరేవు కలదు. నేలటూరులో బొగ్గును భస్మము చేసి రాష్ట్రమునకు వెలుగునిచ్చు దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రము కలదు. ముత్తుకూరులోనే 1991 నుండి మత్స్యశాస్త్ర కళాశాల కలదు. 2021 మే నెలలో కరోనా నాటుమందు కొఱకు దేశమంతయు ఇటువైపే పరుగెత్తి వచ్చిన కీర్తియు కలదు. లేనిదొక్కటే, అడుగు కనబడు నీరు. ఇచటి కెరటము ఇసుకను ఒండ్రును కలచుకొని వచ్చును. మోకాటిలోతున నిలిచినవానికి తన పాదములే కనబడవు. ఇందులో అద్దములు పెట్టుకొని మునిగినవాడు ప్రకృతితో తాదాత్మ్యము పొందుట నిశ్చయమే గాని, అది బురదతో మాత్రమే.

ఇచటికి వచ్చు తాబేలు కూడ కాపురమున్న తాబేలు కాదు. ఆలివ్ రిడ్లే యని దాని పేరు. రెండడుగుల పొడవు, సుమారు నలుబది కిలోల బరువు, పండీపండని ఆలివు కాయ వన్నె గల వీపు. చలికాలమున తీరము చేరువకు వచ్చి, జనవరి మొదలు మార్చి వఱకు ఏదో యొక రాత్రి ఒంటరిగా ఒడ్డెక్కి, వెనుక కాళ్ళతో కుండ లోతున గోయి తీసి, నూఱు గ్రుడ్లకు పైగా పెట్టి, ఇసుక కప్పి, ఆ కప్పిన చోట తన బరువంతయు మోపి ఇటునటు ఊగుచు దిమ్మిస కొట్టి, గంటసేపైన నిలువక తిరిగి నీటిలో దిగిపోవును. ఒడిశాలోని గహిర్‌మఠ, రుషికుల్య తీరములలో వలె ఇచట వేలకు వేలు ఒక్కసారి దిగవు. తెల్లవాఱి చూచువానికి మిగులునది ఇసుకమీద రెండు వరుసల కాలిజాడ మాత్రమే. ఈ విషయమై గొట్టముల పథకపు యువకుడొకడు తీరమున వల బాగుచేసికొనుచున్న ముసలాయనను సంప్రదింపగా, “దాంతో ఈదేదేంది సామీ! అది బతికుంటే నీకు కనపడదు, కనపడిందంటే బతికుండదు” అని ఆయన తలయెత్తకయే సెలవిచ్చెను. పథకమునకు సంబంధించిన సాంకేతిక నివేదికలలో దీనికి మించినది వెలువడబోదని నా నమ్మకము.

కనబడిన తాబేలెట్లుండునో, సెల్‌ఫోనులో చూడనివారి కొఱకు చెప్పెదను. అది కెరటము విడిచిన గీతకు కాస్త పైగా పడియుండును. మెడ ఉబ్బి, నోటిచివర నురుగు ఎండి, కన్నులు కాకులు తినివేయగా, ముందుకాళ్ళు ఈదుచు ఈదుచు నడుమ ఆగిపోయినట్లు చాచికొని, వీపుచిప్ప పెచ్చులు పెచ్చులుగా లేచి, కుక్కలు వెనుకవైపు నుండి పని మొదలుపెట్టియుండగా, ఈగలు తక్కిన భాగమును చూచుకొనుచుండును. మందరగిరిని మోసిన వీపు ఇదియేనా యని సందేహము కలుగును. 2025 జనవరిలో చెన్నపట్నపు తీరమున ఇట్టివి వందలకొలది కొట్టుకొని వచ్చినపుడు దేశమంతయు ఉలిక్కిపడెను. మా తీరమున ఏటేట వచ్చుచున్నందున మేము ఉలికిపడుట మానితిమి.

వీనిని చంపినదెవరని అడిగినచో ఎవ్వరును కారు. 1972 నాటి వన్యప్రాణి చట్టమున మొదటి షెడ్యూలులో పులితో సమానమైన ఆసనము దీనికి వేసియున్నారు. చంపవలెనని ఎవ్వరికిని లేదు. మరబోటు వెనుక సంచివల గంటలకొలది అడుగున ఈడ్చుకొని పోవును, రొయ్యలతోపాటు తాబేలు అందులో పడును, గాలికి పైకి రాలేక మునిగి చచ్చును, వల ఎత్తినపుడు విసరివేయబడును. నాటుపడవల పల్లెకారు తన వలలో ప్రాణముతో చిక్కినదానిని దేవుడని దండము పెట్టి వదలును. మరవలకు దండము పెట్టు తీరిక లేదు. దీనికి మందు కొత్తదియు గాదు, గొప్పదియు గాదు. సంచివల కంఠమున ఏటవాలుగా కమ్ముల చట్రమొకటి బిగింపవలెను. రొయ్య కమ్ముల సందున దూరి లోనికి పోవును, తాబేలు చట్రమునకు తగిలి ప్రక్కనున్న ద్వారమున వెలికి పోవును. దానిని టెడ్ అందురు. మన నీటికి, మన పడవలకు తగినట్లు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు దానిని రూపొందించి ఏండ్లు గడచినవి.

ఆ చట్రము లేని వలలతో పట్టిన రొయ్య మాకు వద్దని అమెరికావారు 1989లో శాసనము చేసికొనగా, మనము మలేషియా, పాకిస్తాను, థాయిలాండులతో గలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ ముంగిట వ్యాజ్యము వేసితిమి. పాకిస్తానుతో భుజము భుజము గలిపి మనము నిలిచిన సందర్భములు అరుదు. తాబేలు ఆ పుణ్యము కట్టుకొనెను. అమెరికా దానిని అమలుపఱచిన తీరులో వివక్ష కలదని 1998లో తీర్పు వచ్చెను. తాబేలును కాపాడుట తప్పని మాత్రము తీర్పరులు అనలేదు. కడపట 2019లో మన సముద్రపు రొయ్యకు అమెరికా తలుపు మూసెను. చెఱువు రొయ్యకు ఆ నిషేధము లేదు గనుక నెల్లూరికి నిద్ర చెడలేదు. చట్రము బిగించినచో కొంత చేప, కొంత రొయ్య జాఱిపోవుననుట బోటువారి మొఱ. అది అబద్ధము కాదు. డీజిలు ధర చూచినవాడెవడును ఆ మొఱను ఎగతాళి చేయడు. ఆ నష్టము ఎవరు భరింపవలెనను ప్రశ్న వచ్చినపుడు మాత్రము, తాబేలుతో తాదాత్మ్యము పొందినవారందఱును సభనుండి లేచిపోవుదురు.

పంచాంగమును గూర్చియు ఒకమాట. తూర్పుతీరమున మరబోట్లకు వేటనిషేధము ఏప్రిలు 15న మొదలై జూను 14న ముగియును. అది చేపల సంతానము కొఱకు పెట్టినది, పెట్టినవారిని తప్పుపట్టను. తాబేలు జనవరిలో వచ్చి మార్చిలో పోవుటచే, చచ్చునది చచ్చి, మిగిలినది వెళ్ళిపోయిన పిమ్మట సముద్రము ప్రశాంతమగును. తీరమునకు చేరువ జలములు నాటుపడవలవే యను నిబంధన కలదు. తమిళనాడు నుండి వచ్చు సోనాబోట్లను మరబోట్లకు ఆ తెలుగు చదువరాదు కాబోలు, మా పల్లెకారులు వానితో ఏటేట కయ్యమాడుచునే యున్నారు.

మనము చేయునదేమియు లేదా యందురేమో. ఉన్నది, ఘనముగా నున్నది. పిల్లలను సముద్రమున విడుచు ఉత్సవము. రాత్రులు టార్చిలైటు పట్టుకొని తీరము వెంట నడచి, కుక్కలకు నక్కలకు దక్కకుండ గ్రుడ్లు ఏరి తెచ్చి కంచెలో పూడ్చి కాపాడు కూలివాండ్రపై నాకు గౌరవమే. నా వ్యాజ్యము ఉత్సవముతో. నలువదియైదు మొదలు అఱువది దినములకు పిల్లలు ఇసుక చీల్చుకొని, సాధారణముగా రాత్రివేళ, వెలికి వచ్చును. పుట్టిన మొదటి దినమున వాని కాళ్ళలో నుండు ఉద్రేకము, తీరమున పొంచియున్న చేపలను దాటి లోతు చేరుటకై ప్రకృతి మూటగట్టి యిచ్చిన దారిబత్తెము. ఆ బత్తెమును అవి ప్లాస్టిక్ టబ్బులో గిరగిర తిరుగుచు ఖర్చుపెట్టును, ఎందుకనగా ఏడుగంటలకు వత్తుమన్న పెద్దలు తొమ్మిదింటికి గాని రారు. వచ్చిన పిమ్మట శాలువలు, పిమ్మట ఉపన్యాసము, అందులో తాబేలు కుందేలును గెలిచిన కథ. అప్పటికి ఎండ చుఱుక్కుమనును, కాకులు సమయపాలనతో హాజరగును. ఒక్కొక్క పెద్దమనిషి ఒక్కొక్క పిల్లను ఇసుకమీద విడిచి కెమెరా వైపు నవ్వును. తాబేటి పిల్ల వెలుగు వైపు నడచునది. రాత్రియైనచో రేవు దీపములు దానిని ఊరివైపు పిలుచును, పగలైనచో ఫ్లాషులు. వేయింట ఒకటి పెద్దదగునని చెప్పుదురు. ఆ యొక్కటి పెరిగి పెద్దదై మరల గ్రుడ్లుపెట్ట వచ్చినపుడు పడునది చట్రము లేని వలలోనే.

కావున గొట్టముల పథకపు పెద్దమనిషితో నేనొక బేరమాడి చూచితిని. కరేబియనునకు కుటుంబసమేతముగా పోయి వచ్చు ఖర్చుతో కొన్ని బోట్లకు చట్రములు బిగింపవచ్చును, జాఱిపోవు రొయ్యకు పరిహారమును కొంత ఈయవచ్చును. తమవంటి వారు నలుగురు పూనుకొనిన బాగుండునంటిని. ఆయన ఉదారుడు, గుడి మెట్టుపైనను, బడి ఫ్యానుపైనను ఆయన తండ్రిగారి పేరు కలదు. వెంటనే ఒప్పుకొని, పేరెక్కడ వ్రాయింతురని అడిగెను. చట్రముపైననే చెక్కింపవచ్చునంటిని. అది నీటి యడుగున నుండును గదా, ఎవ్వరు చదువుదురనెను. తాబేలు చదువునని చెప్పబోయి ఊరకుంటిని. చట్రము సరిగా పనిచేసినచో, అక్షరములు కూడబలుకుకొనునంతసేపు అది అక్కడ నిలువదు.