ప్లాట్ల పేజీకి పక్కా చిట్కాలు

మేడ్చల్‌లో 44వ నంబరు హైవే పక్కనా, శామీర్‌పేటలో రాజీవ్ రహదారి పక్కనా వెంచర్ బోర్డులకు కొదవ లేదు. ఇప్పుడు ప్రతి వెంచర్‌కూ ఒక వెబ్‌పేజీ కావాలి. ప్లాట్ల జాబితా ఎక్సెల్‌లో ఉంటుంది. దాన్ని జేసన్ చేసి, ఒక్కో ప్లాటుకు ఒక్కో కార్డు జావాస్క్రిప్ట్‌తో పుట్టించాలి. ఆ పని మీ నెత్తిన పడితే కంగారు పడకండి.

లూప్ తిరిగిన ప్రతిసారీ ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కు ప్లస్ ఈక్వల్స్‌తో ఒక కార్డు అతికించండి. బ్రౌజర్ పాత కార్డులన్నీ పారేసి మళ్లీ మొదటినుంచి కట్టుకొస్తుంది. 400 ప్లాట్ల వెంచరైతే మొత్తం 80,200 కార్డులు కట్టాలన్నమాట. కట్టనివ్వండి, వేడెక్కేది కస్టమర్ ఫోనే కదా! అన్నీ ఒకే స్ట్రింగ్‌గా చేర్చి ఒక్కసారే పెట్టమనో, డాక్యుమెంట్‌ఫ్రాగ్మెంట్ వాడమనో శామీర్‌పేట బిట్స్ క్యాంపస్ పిల్లలెవరైనా చెబితే వినకండి.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. కార్డు పెట్టగానే దాని 'సైట్ విజిట్' బటన్‌కు ఈవెంట్ లిజనర్ తగిలిస్తారా, తర్వాతి కార్డు రాగానే అది ఊడిపోతుంది. చివరికి ఆఖరి ప్లాటు బటన్ ఒక్కటే పనిచేస్తుంది. ఆ ఆఖరిది వీధిపోటు ప్లాటైతే మరీ మంచిది. ఎన్నాళ్లుగానో ఎవరూ అడగనిదానికే ఇప్పుడు ఫోన్లన్నీ. బయటి డివ్‌కు ఒకే ఒక్క లిజనర్ పెడితే అన్ని బటన్లూ పనిచేస్తాయి, మళ్లీ ఆ వీధిపోటు ప్లాటు మొహం చూసేవాడుండడు.

అంకెలను కోట్స్‌లోనే ఉంచండి. గజం "20000", తూర్పు ముఖానికి అదనం "500". ప్లస్ పెట్టి కలిపితే 20000500. గజం రెండు కోట్ల అయిదు వందలు! బేరానికి ఇంతకన్నా చోటెక్కడ దొరుకుతుంది? నంబర్ ఫంక్షన్‌లో చుట్టారో, 20,500కి దిగిపోతుంది. విస్తీర్ణం వరసకు ఉత్త సార్ట్ చాలు: 1000 గజాలు, ఆ తర్వాత 150, ఆ తర్వాత 200. పోల్చే ఫంక్షన్ ఇవ్వకపోతే జావాస్క్రిప్ట్ అంకెల్ని కూడా అక్షరాల్లాగే పోలుస్తుంది మరి.

ఏజెంట్లు టైపు చేసిన వివరాలను నేరుగా ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో పోయండి. అలా వచ్చిన స్క్రిప్ట్ ట్యాగ్ నడవదు, అదొక ధైర్యం. బొమ్మ ట్యాగ్‌కు ఆన్‌ఎర్రర్ తగిలిస్తే మాత్రం నడుస్తుంది. ఆ సంగతి పక్క వెంచర్ వాళ్లకు తెలియదనుకుందాం. టెక్స్ట్‌కంటెంట్ వాడితే ఎవరేం రాసినా ఉత్త అక్షరాలుగానే కనిపిస్తుంది. ఇంక మజా ఏముంది?

డేటా రాకపోతే ఏం చూపాలన్న చర్చ వద్దు. పేజీ ఖాళీగా ఉంటే, 'సైటూ ఇప్పటికి ఖాళీగానే ఉంది సార్' అనొచ్చు.

ఫేసింగ్ గడి ఖాళీగా ఉన్న ప్లాట్లనూ అలాగే వదిలేయండి. కార్డు మీద 'అన్‌డిఫైన్డ్ ఫేసింగ్' అని పడుతుంది. దానికీ పరిహారం చెప్పే వాస్తు పండితుడు మేడ్చల్‌లో దొరక్కపోడు.