చెయ్యి అందని తొట్టి

మా రోజుల్లో చేపల తొట్టి చేయించుకుంటే ఎత్తు గురించి ఎవరూ అడిగేవారు కాదు. పొడవెంత, వెడల్పెంత, అంతే. ఎత్తు అడుగో, అడుగుంబావో ఉండేది. అంతకు మించితే పుట్టీ ఆగదు. యాంగిల్ ఇనుముతో చట్రం, చుట్టూ నాలుగు అద్దాలు, సందుల్లో పుట్టీ, అడుగున పలకరాయి. రాజమండ్రిలో వెల్డింగు షాపువాడు గేట్లతో పాటు వీటినీ చేసి ఇచ్చేవాడు. మొదటి వారం నీళ్లు కారేవి. తరవాత పుట్టీ సర్దుకుని కారడం మానేది. మానకపోతే ఆ తొట్టిలో బియ్యం పోసుకునేవాళ్లం.

ఇప్పుడు హైదరాబాదులో మా అబ్బాయి ఐదో అంతస్తు ఫ్లాటులో పెట్టించిన తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. ఎందుకురా ఇంత ఎత్తు అంటే, "హాల్లో ఆ గోడ బోసిగా ఉంది నాన్నా" అన్నాడు. గోడ బోసిగా ఉంటే కేలండరు తగిలించుకుంటారు గానీ చెరువు నిలబెట్టుకుంటారా?

హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి, లెక్క కట్టకుండా ఉండలేను. కొలతలన్నీ గుణిస్తే పదిహేను ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి సుమారు 28.3 లీటర్ల చొప్పున దాదాపు 425 లీటర్లు. అంటే నీళ్లే 425 కిలోలు. అద్దం, ఇసుక, రాయి, కర్ర, కింద స్టాండు అన్నీ కలిపితే ఆరు వందల కిలోలు దాటుతుంది. ఇక అద్దం మీద ఒత్తిడి సంగతి. తొట్టి ఎంత పొడవున్నా, అడుగున నీటి ఒత్తిడి లోతును బట్టే ఉంటుంది. లోతు రెట్టింపైతే అడుగు ఒత్తిడి రెట్టింపు, అద్దం మొత్తాన్ని బయటికి నెట్టే బలం నాలుగింతలు. ఈ తొట్టి ముందద్దాన్ని నీళ్లు సుమారు 350 కిలోల బరువుతో రాత్రింబవళ్లు నెడుతూనే ఉంటాయి. ఇది చెప్పానని మా కోడలు ఆ తొట్టి ముందున్న సోఫా జరిపించింది. మంచి పని.

సిలికాన్ గమ్ము గొప్పదే, కాదనను. చట్రం లేకుండా అద్దాన్ని అద్దానికి అతికించి ఇంత నీటిని ఆపుతోందంటే దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఆగుతుంది కదా అని ఎత్తు పెంచుకుంటూ పోవడమేనా? ఎత్తు పెరిగిన కొద్దీ వెలుతురు అడుక్కి చేరేసరికి తగ్గిపోతుంది. అడుగున పచ్చిక పరుచుకోవాలని పిల్లలకి కోరిక. ఆ పచ్చికకి రెండున్నర అడుగుల కింద చాలినంత వెలుతురు కావాలంటే పైన దీపం మండిపోవాలి. దీపం మండితే పైనున్న ఆకుల మీద పాచి పడుతుంది. పాచి పడిందని దీపం తగ్గిస్తే కింద పచ్చిక పసుపెక్కుతుంది. అలా తిప్పుతూ కూర్చోవడానికి ఫోనులో ఒక యాప్ కూడా ఉంది.

ఇంతకీ తొట్టిలో మొక్కలతో తోట కట్టే ఈ విద్యకి గురువు జపాన్‌లో నీగాత ప్రాంతం వాడు, తకాషి అమానో. 1954లో పుట్టాడు. మొదట సైకిల్ పందేలు వృత్తిగా తొక్కాడు, తరవాత ఫొటోగ్రాఫరయ్యాడు, 1982లో ఈ తొట్ల సామాను చేసే కంపెనీ పెట్టాడు. 2015లో చనిపోయాడు. ఆ ఏడాదే లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవున, లక్షా అరవై వేల లీటర్ల నీటిలో అడవి ఒకటి కట్టి వెళ్లాడు. ఆ ఫొటోలు మా మనవడు చూపించాడు. చూశాక నాకు మాట పడిపోయిన సంగతి వాడికి చెప్పలేదు. ఒకటి మాత్రం గమనించమన్నాను. ఆయన కంపెనీ తొట్ల కొలతల్లో బాగా వాడేది 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. ఎత్తూ వెడల్పూ సమానం. మీది ఎత్తు రెండున్నర, వెడల్పు ఒకటిన్నర. గురువు పేరు చెప్పుకుని గురువు కొలతలు వదిలేస్తే ఎలా? వెనక్కి లోతు ఉంటేనే దూరంగా కొండ ఉన్నట్టూ దగ్గరగా చెట్టున్నట్టూ కనబడుతుంది. వెడల్పు లేని తొట్టిలో ఎన్ని మొక్కలు పెట్టినా గోడకి అతికించినట్టే ఉంటాయి.

నిలువు తొట్టిని కాపాడేది ఒక్క కర్రే. ఇక్కడ మాత్రం నా మాట విన్నారు. అదీ చివరికి. ముందు విన్నది షాపువాడి మాట.

ఏటి కర్రని ఇప్పుడు కిలోల లెక్కన అమ్ముతున్నారు. మలేషియా కర్ర అట, స్పైడర్ వుడ్ అట. మా రోజుల్లో గోదావరికి వరదొస్తే ఏజెన్సీ అడవుల నుంచి దుంగలూ వేర్లూ కొట్టుకొచ్చేవి. కుర్రాళ్లు తాళ్లు కట్టుకుని పడవలేసుకుని పట్టేవాళ్లు. ప్రాణాలకు తెగించిన పని అది, మంచిదని చెప్పను. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు ఎక్కిన వరద తీశాక లంకల్లో ఇసుక మీద పడి ఉన్న కర్రని పొయ్యిల్లోకి వాడుకున్నారు, ఎన్నాళ్లకీ తరగలేదు. అప్పుడు దానికి విలువ కట్టమంటే నవ్వేవాళ్లు. ఇవాళ చేతి పొడుగు వేరుముక్కకి అడిగే ధరకి ఆ రోజుల్లో ఒక బండెడు కట్టెలు వచ్చేవి.

పోనీ కొన్నారు. కొన్నవాడికి కర్ర చూడటం రావాలి కదా. పచ్చి కర్ర పనికిరాదు, నీళ్లలో కుళ్లుతుంది. బెరడు ఉండకూడదు. గోరు దిగకూడదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన రాకూడదు. ఏట్లో ఏళ్ల తరబడి నానీ ఎండీ రసమంతా పోయి, గట్టి చేవ మాత్రమే మిగిలిన ముక్క కావాలి. ఎండిన జామ మొద్దు కూడా బాగుంటుంది, ఇప్పుడు మన కుర్రాళ్లు చాలామంది అదే వాడుతున్నారు, సంతోషం. మావాడు కొన్న కర్ర మాత్రం తేలింది. ఎండు కర్ర తేలక ఏంచేస్తుంది? లోపలికి నీరు పట్టేదాకా వారాల తరబడి తేలుతూనే ఉంటుంది. దాన్ని మునగదియ్యడానికి మనవడు కడప బండ ముక్క తెచ్చాడు. అది సున్నపురాయిరా, మెల్లగా కరిగి నీటి కాఠిన్యం పెంచుతుంది అని తీయించి, మార్కాపురం పలకరాయి తెప్పించాను. దానికి తుప్పు పట్టని మరలతో కర్రని బిగించి, పలకని ఇసుకలో పూడ్చాం. నీళ్లలో పలక దేన్నీ కలపదు, దేన్నీ మార్చదు. మేం అఆలు దిద్దుకున్న రాయి అది.

బిగించే ముందు ఉడకబెట్టాలి. లేకపోతే కర్రలోని టానిన్లు దిగి నీళ్లు టీ డికాక్షన్‌లా అవుతాయి. అంత పెద్ద వేరు పట్టే గిన్నె ఫ్లాటులో ఎక్కడుంటుంది? పెళ్లి వంటలవాళ్ల దగ్గర గుండిగ అద్దెకి తెచ్చి, టెర్రస్ మీద ఉడకబెట్టారు. పై ఇంటావిడ వచ్చి ఎవరింట్లో శుభకార్యం అని అడిగిందట. నిజానికి ఆ రంగు చేపలకి చెడ్డది కాదు, నీటిని కొంచెం ఆమ్లంగా మారుస్తుంది, అమెజాన్ చేపలు పుట్టిందే అలాంటి నీళ్లలో. ఈ మాట చెబితే మా కోడలు, "మీరు తాగుతారా మావయ్యగారూ" అంది. ఇక్కడ ఇంకో తమాషా. ఆ రంగు కోసమే కొందరు బాదం ఆకులు కొనుక్కుని నీళ్లలో వేస్తారు. ఎండు బాదం ఆకులు పాకెట్లలో పెట్టి అమ్ముతున్నారు! మా స్కూలు ఆవరణలో పొద్దున్నే ప్యూను ఊడ్చి తగలబెట్టేది అవే.

కర్ర నీళ్లలో పెట్టాక మొదటి వారాల్లో దాని మీద తెల్లటి జిగురు పొర పట్టింది. మనవడు కంగారుపడి కర్ర తీసేద్దామన్నాడు. ఉండనీయమన్నాను. కర్రలో మిగిలిన పిండి పదార్థాలు తినే బూజు అది, అవి అయిపోతే పోతుంది. నత్తలూ రొయ్యలూ వేస్తే ఇంకా త్వరగా పోతుంది. పోయింది.

నిలబెట్టడం దగ్గర పెద్ద గొడవే జరిగింది. వాళ్లు కర్రని అడ్డంగా పడుకోబెట్టారు. పైన అడుగున్నర నీళ్లు ఖాళీ. కోరంగి వెళ్లి మడ చెట్ల వేళ్లు చూసి రండి అన్నాను. బురదలోకి దిగే ఆ వేళ్లలాగా మొద్దుని పైకి, వేళ్లని కిందికి పెట్టించాను. తొట్టి సరిగ్గా నడిమధ్యలో కాకుండా ఎడంవైపు మూడో వంతు దగ్గర. ఒక కొమ్మ ముందద్దం వైపు వంగాలి, ఒకటి నీటిపైకి తేలాలి. అప్పుడా ఎత్తుకి ఒక పని దొరికింది. కొమ్మల నీడలో అనుబియాస్, జావా ఫెర్న్ కట్టారు. ఇవి తక్కువ వెలుతురుతో బతికే మొక్కలు, కర్రనే పట్టుకుని పెరుగుతాయి. వీటి దుంపని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. మేమైతే నల్ల దారంతో కట్టేవాళ్లం. వీళ్లు సూపర్ గ్లూతో అతికిస్తున్నారు. వేళ్లు పట్టేదాకా దారం ఆగదా? ఆగుతుంది. ఆగేంత ఓపిక మనుషులకి లేదు.

వెనక వరుసకి మనవడు చూపించిన మొక్కల జాబితాలో రొటాలా మాక్రాండ్రా ఉంది. ఎర్రగా ఉంటుంది, పెంచడం కష్టం, ఖరీదు. అది దక్షిణ భారతం మొక్కేరా అంటే వాడు నమ్మలేదు. హైడ్రిల్లా వేద్దామంటే మాత్రం అందరూ మొహం చిట్లించారు. పదో తరగతి పిల్లలకి బీకరులో గరాటు బోర్లించి, కింద హైడ్రిల్లా పెట్టి, ఎండలో ఉంచి ఆక్సిజన్ బుడగలు చూపించేవాణ్ణి. కాలవలో దిగి చేత్తో లాక్కొస్తే బస్తాడు వచ్చేది. ఇప్పుడు ఆకుల మీద అవే బుడగలు రావడానికి సిలిండరు, రెగ్యులేటరు, బుడగలు లెక్కపెట్టే గాజు గొట్టం. లీటరుకి 30 మిల్లీగ్రాముల దాకా కార్బన్ డయాక్సైడ్ కరగాలట. నీలం ఉంటే తక్కువ, ఆకుపచ్చైతే సరి, పసుపైతే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి అని చెప్పే చిన్న గాజు బుడ్డి ఒకటి లోపల వేలాడుతుంది. దీపం ఆరితే మొక్కకి ఆ వాయువు అక్కర్లేదు కాబట్టి రాత్రి ఆపెయ్యాలి. ఆ ఆపడం కూడా టైమరే చేస్తుంది.

మంచినీ చెప్పాలి. మేం కుళాయి నీళ్లలో క్లోరిన్ పోవడానికి ఒక రోజు బకెట్లలో పట్టి ఉంచేవాళ్లం, లేకపోతే ఫొటో స్టూడియోవాణ్ణి అడిగి రెండు హైపో పలుకులు తెచ్చి వేసేవాళ్లం. అంతవరకు సరే. చేపలు వదిలే అమ్మోనియాని బాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తరవాత నైట్రేట్‌గా మారుస్తుందనీ, ఆ బాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందనీ మా షాపులవాళ్లు ఎవరూ చెప్పలేదు. తొట్టి కొన్న సాయంత్రమే చేపలు వేయించేవాళ్లు. ఆదివారానికి మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లేవాళ్లం, ఇంకో జత కోసం. మనవడు వారాల తరబడి చేపల్లేని నీళ్లని పరీక్ష చేస్తూ కూర్చున్నాడు. నేను ఏమీ అనలేదు.

కానీ చేపలెన్ని రకాలు వేశారని అడగండి. నియాన్ టెట్రాలు, అంతే. అవి కూడా ఫొటో బాగా రావడానికట. ఇంత నిలువు తొట్టి, ఇన్ని వేళ్లు, ఇందులో ఉండాల్సింది ఏంజెల్ చేప. నిలువుగా రెక్కలు చాచి కర్రల సందున తిరగడానికే దాని ఒళ్లు అంత పల్చగా ఉంటుంది. వేద్దామంటే నియాన్లని మింగేస్తుందన్నారు. నిజమే, మింగుతుంది. అయితే నియాన్లు ముందెందుకు కొన్నారు?

ఇక అడుగున ఆకు కత్తిరించాలంటే మా అబ్బాయి స్టూలెక్కి చంక దాకా చెయ్యి ముంచుతున్నాడు. అయినా ఇసుక అందదు. రెండడుగుల పొడవు పట్టకారు, అంతే పొడవు కత్తెర కొన్నాడు. వారానికి సగం నీళ్లు మార్చాలి, అంటే రెండు వందల లీటర్లకి పైనే. ఎండాకాలం అపార్టుమెంటుకి ట్యాంకరు నీళ్లు. తీసిన నీళ్లు మాత్రం పారబొయ్యనివ్వలేదు నేను. అందులో నైట్రేట్లుంటాయి, బాల్కనీలో కుండీలకి పోయిస్తున్నాను. కరివేపాకు ఏపుగా వచ్చింది, పక్కింటివాళ్లకి కూడా ఇస్తున్నాం. ట్యాంకరు డబ్బుల్ని తొట్టి ఖాతాలో రాయాలా, కూరల ఖాతాలో రాయాలా అని తండ్రీకొడుకులు వాదించుకుంటున్నారు. తొట్టి ఖాతాలోనే రాయమన్నాను.