మేలుకునే ఉన్నాను సార్

మహారాజశ్రీ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారి దివ్యసముఖానికి, కృషి భవన్, న్యూఢిల్లీ. మయూర్ విహార్ నుంచి ఒక చందాదారుడు చేసుకొను విన్నపములు.

తమరు ఏళ్ళ తరబడి "జాగో గ్రాహక్ జాగో" అంటూనే ఉన్నారు. మేలుకునే ఉన్నాను సార్. నిన్న రాత్రి ఒంటిగంటన్నర దాకా మేలుకునే ఉన్నాను, రద్దు బటన్ వెతుకుతూ.

నిన్న సాయంత్రం బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఫలానా యాప్ ఏడాది చందా ఎల్లుండి మీ కార్డులోంచి కోస్తాం అని. రిజర్వ్ బ్యాంకు పుణ్యమా అని 24 గంటలు ముందే చెబుతారు, బలిచ్చేముందు పోతు నెత్తిన పసుపునీళ్ళు చల్లినట్టు. ఆ యాప్ నేను తీసుకున్నది ఒక్క స్టార్ ట్రెక్ సీరియల్ కోసం. మొన్న ఆదివారం, మూడో సీజన్ సగంలో ఉండగా, ఆ స్టార్ ట్రెక్కే మాయమైంది. పోస్టరు మాత్రం అలాగే ఉంది. నొక్కితే "మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అంటుంది. ఏ ప్రాంతం సార్? యమున దాటి వెళ్ళి చూడమంటారా?

వడ్డించని విస్తరికి డబ్బెందుకని రద్దు చేయబోయాను. టీవీలో నొక్కితే ఫోన్లో చేయమంది. ఫోన్లో నొక్కితే బ్రౌజర్లో చేయమంది. అక్కడ 'ఖాతా', దానికింద 'ప్లాన్', దానికింద ఇంకేదో, అన్నిటికన్నా అడుగున బూడిదరంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో 'రద్దు'. నొక్కాను. "మీరు వెళ్ళిపోతుంటే బాధగా ఉంది" అంది. కారణం చెప్పమని ఆరు ఇచ్చింది. సరుకు మీరే ఎత్తేశారు కాబట్టి అన్నది ఆరింట్లో లేదు. ఒక నెల ఆగుతారా అంది. ఆగనన్నాను. అప్పుడు నీలంగా మెరుస్తూ ఒకే ఒక్క పెద్ద బటన్ వచ్చింది: 'కొనసాగించు'. దేన్ని, రద్దునా, చందానా? నొక్కాను. తెరనిండా రంగుకాగితాలు రాలాయి. "మాతోనే ఉన్నందుకు ధన్యవాదాలు!"

"ఆ కుందేలు చెవులాయన కోసం ఇంకెంత తగలేస్తారండీ" అని మా ఆవిడ పక్కగదిలోంచి.

2023 నవంబరు 30న ఇలా యాప్‌లు చేసే 13 రకాల మాయల్ని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది మీరు కాదూ? అందులో చందా ఉచ్చు అని ప్రత్యేకంగా పేరు పెట్టి మరీ రాశారు కదా? రాసి ఏ బీరువాలో పెట్టారయ్యా?

80ల్లో ఇదే స్టార్ ట్రెక్ ఆదివారం పొద్దున దూరదర్శన్లో వచ్చేది. బెజవాడలో మా పెదనాన్న గారి డాబా మీద యాంటెన్నా తిప్పడం నా పని. కిందనుంచి "వచ్చింది, వచ్చింది, ఆఁ... పోయింది!" ఇంగ్లీషు ముక్క అర్థమయ్యేది కాదు, పైసా కట్టిందీ లేదు. ఇప్పుడు మెట్రోలో మండీ హౌస్ దాటినప్పుడల్లా పైనున్న దూరదర్శన్‌కి దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది. అదున్న వీధి కోపర్నికస్ మార్గ్. ఆయన భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నాడు. ఈ యాప్‌లన్నీ నా కార్డు చుట్టూ తిరుగుతున్నాయి.

తిరగవూ మరి! స్టార్ ట్రెక్ సిరీసుల్లో డిస్కవరీ నెట్‌ఫ్లిక్స్‌లో ఉండేది. 2021 నవంబరులో, నాలుగో సీజన్ రెండు రోజుల్లో ఉందనగా, పారమౌంట్ ప్లస్ అనే సొంత దుకాణం కోసం యజమానులు దాన్ని వెనక్కి తీసేసుకున్నారు. ఆ దుకాణం ఇక్కడ తెరవనే లేదు! పికార్డ్ అనే ఇంకో సిరీస్ అమెజాన్‌లో వచ్చింది. పారమౌంట్ వాళ్ళ చుట్టం వూట్ యాప్ 2023లో జియోసినిమాలో కలిసింది. జియోసినిమా 2025 ఫిబ్రవరి 14న హాట్‌స్టార్‌ని చేసుకుంది. ప్రేమికుల రోజు ముహూర్తం ఎవరు పెట్టారో గాని, కట్నం మాది.

స్టార్ ట్రెక్ కథలో 24వ శతాబ్దానికల్లా మనుషులకి డబ్బుతోనే పని లేదు. లాభం తప్ప మరో మాట తెలియని జాతి ఫెరెంగీలు. ఆ పేరు మన ఫిరంగీ మాటకి చుట్టమే. వాళ్ళతోనైనా బేరమాడొచ్చు. చాట్‌బాట్‌తో ఏమాడను?

డబ్బు కట్టినా ప్రకటనలు తప్పవు. ఆ కుందేలు చెవుల స్పాక్ నోరు తెరవబోతాడు, గ్రేటర్ నోయిడాలో త్రీ బీహెచ్‌కే అంటారు. పైన 18 శాతం జీఎస్టీ. విశాఖలో చదువుకుంటున్న మా అమ్మాయి ఇదే ఖాతాలో చూడబోతే, తను మా ఇంటిమనిషి కాదని కూడా ఆ యాపే తేల్చింది. సరే, అవన్నీ వదిలేయండి.

చందా ఆపుదామని మెసేజ్‌లో ఉన్న బ్యాంకు లింకు నొక్కితే "సెషన్ ముగిసింది" అంటోంది. నాకు న్యాయం వద్దు సార్, నష్టపరిహారమూ వద్దు. మీ ఆఫీసులో ఇలాంటివి తెలిసిన కుర్రాడెవరైనా ఉంటే ఒక్క ఐదు నిమిషాలు గేటు దగ్గరికి పంపండి. ఆ బూడిదరంగు మాట తర్వాత ఏది నొక్కాలో చెబితే చాలు. ఫోను, కార్డు, ఛార్జరు నేనే తెచ్చుకుంటాను. మధ్యాహ్నం ఆంధ్రా భవన్‌లో ఆ అబ్బాయికి భోజనం కూడా పెట్టిస్తాను.

కోత రేపు పదింటికట. తొమ్మిదింటికల్లా సెంట్రల్ సెక్రటేరియట్ మెట్రోలో దిగుతాను.

ఇట్లు,
చందాదారుడు