కొసరులో కొరివి

లాప్‌టాప్ కొనేటప్పుడు బ్యాగు ఇస్తారా, మౌస్ ఇస్తారా అని గంటసేపు బేరమాడతాం. అడక్కుండానే లోపల ఏం పెట్టి ఇస్తున్నారో మాత్రం ఆరా తీయం. 2014లో లెనోవో తన లాప్‌టాప్‌లు కొన్నింటిలో ‘సూపర్‌ఫిష్’ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్‌ను కొసరుగా ఎక్కించి అమ్మింది. మనకీ బ్యాంకు సైటుకీ మధ్య అది తిష్ఠ వేసి, అసలు సర్టిఫికెట్ బదులు తనది చూపించేది. బ్రౌజర్‌లో తాళం బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు! పైగా అన్ని మిషన్లకూ ఒకటే రహస్య తాళంచెవి. దాని పాస్‌వర్డ్ ఏమిటయ్యా అంటే, ఆ కోడు రాసిన కంపెనీ పేరే: ‘కొమోడియా’! 2015 ఫిబ్రవరిలో ఓ భద్రతా నిపుణుడు ఇట్టే పట్టేశాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ తలుపు మీద నేమ్‌ప్లేటే తగిలించుకున్నాడు. 2017లో అమెరికాలోని 32 రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టి లెనోవో రాజీపడింది. ఆ కంపెనీకి బుద్ధొచ్చిందో లేదో గానీ, కొనేవాళ్లం మాత్రం మారలేదు. కొత్త మిషన్ తెరవగానే వచ్చే షరతులన్నిటికీ ‘అంగీకరిస్తున్నాను’ అని టకటకా నొక్కేస్తున్నాం. చదివితే వారంటీ పోతుందని ఎవరైనా చెప్పారేమో!