గడ్డాలొచ్చినా బిడ్డలే

అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అన్నారు మన పెద్దలు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ మాత్రం ఈ మాటకు ఒప్పుకోదు. ఫుల్‌టైమ్ చదువులో ఉండి, ఏడాది చివరికి 24 నిండక, తన పోషణ ఖర్చులో సగానికి మించి తాను పెట్టుకోకపోతే, గడ్డం బొడ్డు దాకా పెరిగినా వాడు బిడ్డే. వాళ్ల లెక్కల్లో ‘డిపెండెంట్’. మాసిన బట్టల మూటతో తప్ప గడప తొక్కని కొడుకు కూడా చదువు కోసమే దూరంగా ఉన్నాడు కాబట్టి ఇంట్లో ఉన్నట్టే లెక్క.

డాలస్ శివార్లలో కాపురముంటున్న మన తెలుగు నాన్నకు ఇది వింతగానే ఉంటుంది. అదే దేశంలో పిల్లాడు కాలేజీలో చేరగానే మార్కులు చెప్పమంటే ‘వాడు పెద్దవాడయ్యాడు, మీకు చెప్పం’ అంటారు. ఫీజు బిల్లు కట్టేటప్పుడు మాత్రం ఆ పెద్దరికం ఎవరికీ గుర్తుండదు.

‘చదువుకునే కుర్రాడికి టాక్స్ ఏమిటండీ’ అని ఆ నాన్న తన పన్ను లెక్కలు చూసే సీపీఏ గారిని అడుగుతాడు. ‘ఎంత వచ్చిందన్నది తర్వాత, ఎలా వచ్చిందో చెప్పండి’ అంటాడాయన.

కాఫీ షాపులో కప్పులు కడిగి జీతం తెచ్చుకున్నాడా? 2025 లెక్క ప్రకారం 15,750 డాలర్లు దాటేదాకా రిటర్న్ వేయమని ఎవరూ అడగరు. మీరు వాడి పేర పెట్టిన షేర్లు, డిపాజిట్ల మీద వచ్చిందా? 1,350 దాటితే చాలు, వేయాల్సిందే. రెండూ ఉంటే జీతానికి 450 కలిపి చూస్తారు. ఆ మొత్తం 1,350 కంటే తగ్గదు, 15,750 కంటే పెరగదు. మొత్తం రాబడి ఆ గీత దాటితే రిటర్న్ తప్పదు.

ఇక ఎవరి దగ్గరా ఉద్యోగం చేయకుండా పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పో, సొంత కార్లో బిర్యానీ పొట్లాలు చేరవేసో సంపాదించాడా? ఖర్చులు పోను 400 డాలర్లు మిగిలితే చాలు, రిటర్న్ వేయాలి. ఆదాయపు పన్ను సున్నా అయినా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 15.3 శాతం కట్టాలి. ఉద్యోగంలో అయితే అందులో సగం యజమాని భరిస్తాడు. ఇక్కడ యజమానీ వాడే, కూలీ వాడే. మన ఊళ్లో స్వయం ఉపాధికి సబ్సిడీ ఇస్తారు. అక్కడ మాత్రం ముందు వాత పెడతారు.

స్కాలర్‌షిప్‌కీ ఇలాంటి న్యాయమే. ట్యూషన్ ఫీజుకి, కోర్సు పుస్తకాలకి ఖర్చయిన భాగానికి పన్ను లేదు. హాస్టల్ గదికి, భోజనానికి పోయిన భాగం ఆదాయం కింద లెక్క. మెదడుకు మేత ఉచితం, కడుపుకు మేత వేస్తే మాత్రం లెక్క చెప్పాలి.

పొలం బామ్మర్ది పేర, స్థలం కోడలి పేర రాసుకునే బినామీ విద్యలో ఆరితేరిన జాతి మనది. అందుకే కాలిఫోర్నియాలో దిగినా, న్యూజెర్సీలో దిగినా మన చెయ్యి ఊరుకోదు. ‘షేర్లు అబ్బాయి పేర పెడితే వాడి తక్కువ శ్లాబులో పోతుంది కదా’ అనిపిస్తుంది. ఆ తెలివి అమెరికా వాళ్లకు 1986లోనే, అంటే హెచ్-1బీ వీసా పుట్టడానికి నాలుగేళ్ల ముందే తెలిసిపోయింది. దానికి వేసిన మందు పేరు ‘కిడ్డీ టాక్స్’. జీతం కాని రాబడి 2,700 దాటితే ఆ పైదానికి కొడుకు రేటు కాదు, తండ్రి రేటే వేస్తారు.

రిటర్న్ వేయక్కర్లేకపోయినా వేయాల్సిన సందర్భం ఒకటుంది. వేసవి ఉద్యోగంలో జీతంలోంచి ఆదాయపు పన్ను కోసుకుని ఉంటే, ఆ సంగతి యజమాని ఇచ్చే డబ్ల్యూ-2 ఫారంలో ఉంటుంది. మూడేళ్లలోపు అడిగితే తిరిగిస్తారు, అడక్కపోతే సర్కారు వారికి చదివించుకున్నట్టే.

ఈ సంగతి పిల్లాడికి ఎలాగూ తెలుస్తుంది. ఫిబ్రవరిలోనే మంచం మీద పడుకుని ఫోన్‌లో రిటర్న్ వేసేస్తాడు. మధ్యలో ఒక ప్రశ్న వస్తుంది: ‘మిమ్మల్ని డిపెండెంట్‌గా చూపించుకోగలవారు ఎవరైనా ఉన్నారా?’ ఆత్మాభిమానం గల కుర్రాడు ‘లేరు’ అని నొక్కేస్తాడు. ఏప్రిల్ 15 దగ్గరపడ్డాక నాన్న రిటర్న్ వేస్తే అది వెనక్కి వచ్చేస్తుంది. డిపెండెంట్ పేరు మీద వచ్చే 500 డాలర్ల క్రెడిట్, చదువు ఖర్చు మీద 2,500 దాకా వచ్చే క్రెడిట్ రెండూ అక్కడే ఆగిపోతాయి.

‘ఒరేయ్, ఏం నొక్కావురా?’ అని ఫోన్ చేస్తే, ‘చూసుకోలేదు డాడీ’ అంటాడు.

పాపం, పిల్లాడు అనుకుంటాం. అయితే మార్కులు తల్లిదండ్రులకు చెప్పకూడదన్న 1974 నాటి ఫెర్పా చట్టంలోనే ఒక సందు ఉంది. విద్యార్థి పన్నుల లెక్కలో తల్లిదండ్రుల డిపెండెంట్ అయితే, వాడి అనుమతి లేకుండానే కాలేజీ వాళ్లు మార్కులు తల్లిదండ్రులకు చూపించవచ్చు. చూపించి తీరాలని లేదు గానీ, పన్ను రిటర్న్ కాపీ పట్టుకుని వెళ్లిన నాన్నకు తలుపు తెరుచుకునే అవకాశమైతే ఉంది.

ఇప్పుడు చెప్పండి, వాడు నిజంగా చూసుకోకుండానే నొక్కాడంటారా?