దయాగుణం: వారానికి మూడు గంటలు

అమెరికాలో పేరుమోసిన ప్రైవేటు డే స్కూళ్లు ఏటా కాలేజీలకు ఒక పత్రం పంపుతాయి. స్కూల్ ప్రొఫైల్ అంటారు. మందపాటి కాగితం, చెట్ల కింద పుస్తకాలు పట్టుకుని నవ్వే పిల్లలు, చెప్పే కోర్సుల పట్టిక, ఆ పక్కన చాలా బళ్లు గర్వంగా అచ్చువేసుకునే మాట ఒకటి: మేము పిల్లలకు ర్యాంకులు ఇవ్వం. గుంటూరులోనో హనుమకొండలోనో ఇంటర్ రెండేళ్లూ ఆదివారమన్నది ఎరగకుండా వీక్లీ టెస్టులు రాసి, నోటీసు బోర్డు మీద తన పేరు ఎన్నో వరసలో ఉందో చూసుకుని, ఆ భయం మీదే ఇంజనీరింగూ ఎమ్మెస్సూ దాటేసి, ఇప్పుడు శాన్ హోసేలోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కున్న మన తెలుగు తండ్రికి ఆ మాట చదవగానే ప్రాణం లేచొస్తుంది. నా బాధ నా పిల్లకి వద్దు అనుకుంటాడు. అనుకుని చెక్కు రాస్తాడు. న్యూయార్క్‌లో ఇలాంటి పేరున్న డే స్కూళ్ల ఫీజు ఏడాదికి 60 వేల డాలర్లు దాటిపోయింది. మన లెక్కలో యాభై లక్షల పైనే. అందులో హాస్టల్ లేదు, రాత్రి భోజనం లేదు, స్టడీ అవర్లో నిద్రపోతే లేపే వార్డెన్ కూడా లేడు. సాయంత్రం పిల్లని మనమే కారులో తెచ్చుకోవాలి. ర్యాంకు ఇవ్వకుండా ఉండడానికి ఇంత వసూలు చేయవచ్చని ముందే తెలిసుంటే మన కార్పొరేట్ కాలేజీలు ఎప్పుడో ఈ వ్యాపారంలోకి దిగి ఉండేవి.

ఈ బళ్లు తమను తాము ఇండిపెండెంట్ స్కూళ్లు అని చెప్పుకుంటాయి. ప్రభుత్వం సొమ్ముతో నడవవు, ప్రభుత్వం చెప్పిన సిలబస్ పట్టుకోవు, సొంత ట్రస్టీల పాలన. అదే ఊపులో కాలేజీ ప్రిపరేటరీ అని కూడా చెప్పుకుంటాయి. ఈ రెండు బిరుదులూ ఒకే గేటు మీద ఎలా ఇముడుతున్నాయో 2018లో ఒకసారి బయటపడింది. సిడ్వెల్ ఫ్రెండ్స్, జార్జ్‌టౌన్ డే, సెయింట్ ఆల్బన్స్ సహా వాషింగ్టన్ చుట్టుపక్కల ఎనిమిది బళ్లు కలిసి ఒక ప్రకటన చేశాయి. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి చదువు చెప్పే, కాలేజ్ బోర్డు అనే సంస్థ వారి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు 2022 నాటికి ఎత్తేస్తాం, పరీక్ష కోసం పరిగెత్తించే చదువు మాకొద్దు, లోతుగా సాగే సొంత కోర్సులు పెట్టుకుంటాం అన్నాయి. వినడానికి ఎంత హాయిగా ఉంది! అదే ప్రకటనలో ఇంకో సంగతీ ఉంది. దాదాపు 150 కాలేజీలను ముందే వాకబు చేశామనీ, ఈ మార్పు వల్ల మా పిల్లల అడ్మిషన్లకు ఏ నష్టమూ రాదని అక్కడి అధికారులు భరోసా ఇచ్చారనీ. అంటే జ్ఞానతృష్ణకు నూట యాభై చోట్ల నిరభ్యంతర పత్రం తీసుకున్నాకే దాహం వేసిందన్నమాట. ఆ అధికారుల్లో సగం మంది 'కొంచెం ఇబ్బందే' అని ఉంటే ఆ లోతైన చదువు ఏ గట్టున ఆగిపోయేదో చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం మాట వినక్కర్లేని బడి అడ్మిషన్ ఆఫీసు గుమస్తా ముందు చేతులు కట్టుకుంటుంది.

ఇదంతా కపటమని కొట్టిపారేస్తే అసలు విషయం జారిపోతుంది. ర్యాంకుని వాళ్లు నిజంగానే తీసేశారు. కాకపోతే అది ఖాళీ చేసిన చోటు ఖాళీగా లేదు. వందమంది తలుపు తడితే నలుగురినో అయిదుగురినో రానిచ్చే కాలేజీకి ఏదో ఒక కొలబద్ద కావాలి. మార్కులతో కొలవడం మోటు అనుకున్నాక మిగిలినవన్నీ కొలబద్దలే. పరీక్షకి సిలబస్ ఉంటుంది, సిలబస్‌కి ఆఖరి పేజీ ఉంటుంది, ఆ తర్వాత పుస్తకం మూసి పడుకోవచ్చు. జీవితమే సిలబస్ అయితే మూసేదెక్కడ? అమెరికాలో వెయ్యికి పైగా కాలేజీలు వాడే కామన్ అప్లికేషన్ అనే దరఖాస్తులో, చదువు కాక ఇంకేం చేశావో చెప్పడానికి పది గడులుంటాయి. ఒక్కో పనిని వర్ణించడానికి 150 అక్షరాలు. ఆ పక్కనే రెండు ప్రశ్నలు: వారానికి ఎన్ని గంటలు? ఏడాదికి ఎన్ని వారాలు? ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దడం, వారానికి మూడు గంటలు, ఏడాదికి ముప్పై వారాలు. దయాగుణానికి ఇంత కచ్చితమైన లెక్క చిత్రగుప్తుడి దగ్గర కూడా ఉండదు. ఇంటి బాధ్యతలకూ ఆ దరఖాస్తులో ఒక వర్గం ఉంది కనుక అమ్మమ్మకు వేళకి బీపీ మాత్ర ఇవ్వడం కూడా వృథా పోదు. అమ్మమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలల్లో వెళ్లిపోతుంది కాబట్టి ఇరవై ఆరు వారాలకు మించి వేస్తే మాత్రం దొరికిపోతాం. కూచిపూడి ఎప్పుడో గడిలోకి ఎక్కింది. రంగప్రవేశానికి పిల్ల సిద్ధంగా ఉందా లేదా అన్నది ఇదివరకు గురువుగారు తేల్చేవారు, ఇప్పుడు దరఖాస్తు గడువు తేలుస్తోంది. పదకొండో తరగతి తర్వాతి వేసవి కూడా దాటిపోతే ఆ జతులు వేసి ఎవరిని మెప్పించాలి? ఇవి కాక 650 పదాల వ్యాసం. తను పడ్డ కష్టాన్నీ, అందులోంచి ఎదిగిన తీరునీ చెప్పడం అందులో రివాజు. కష్టమే ఎరగని పిల్లకి కష్టం వెతికిపెట్టే కన్సల్టెంట్లు ఉన్నారు, గంటకి ఇంత అని.

అక్కడి చదువు బాగుండదని అంటే కళ్లు పోతాయి. 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే శ్రీమంతుడు ఫిలిప్స్ ఎక్సెటర్ అనే రెసిడెన్షియల్ బడికి లక్షల డాలర్లు ఇచ్చి, ఉపన్యాసాలు కట్టిపెట్టి పిల్లల్ని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడించమన్నాడు. ఆ కోలబల్ల తర్వాత ఎన్నో డే స్కూళ్లలోకి వచ్చింది. పదిహేనుమంది పిల్లలు నవల చదివొచ్చి టీచరుతో వాదిస్తారు. టీచరు ఒకే వ్యాసాన్ని మళ్లీ మళ్లీ తిప్పి రాయిస్తారు. ల్యాబులో ప్రయోగం చెడిపోతే ఎందుకు చెడిందో రాయమంటారు. ఎనభై మంది సెక్షన్‌లో లేచి డౌటు అడిగితే 'సిలబస్ అవ్వాలి, కూర్చో' అనిపించుకున్నవాళ్లకి ఇది స్వర్గమే. స్వర్గమే కనుక బాధ ఎక్కువ. అంత మంచి బల్ల దగ్గర కూర్చున్న పిల్లకి, తను మాట్లాడుతున్నది నవల గురించా, సిఫారసు లేఖ గురించా అన్న అనుమానం చిన్న వయసుకే పట్టుకుంటుంది. ఎదురుగా ఉన్న ఆ టీచరే రేపు కాలేజీకి లేఖ రాయాలి. ఆయన 'కుతూహలం మెండు' అని రాయాలంటే కుతూహలం ఆయన కంటపడాలి. కాబట్టి జవాబు తెలిసినా ప్రశ్న అడగాలి. తెలివి ఉండీ నోరు లేని పిల్లల సంగతేమిటి? మన దగ్గర అలాంటివాళ్లు తలొంచుకుని ఓఎంఆర్ షీట్‌లో గుండ్రాలు నింపి బయటపడేవారు. గుండ్రం వాళ్లని నవ్వమనలేదు, నాయకత్వ లక్షణాలు చూపించమనలేదు.

సిడ్వెల్ ఫ్రెండ్స్ దగ్గర కాసేపు ఆగాలి. క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందిన థామస్ సిడ్వెల్ 1883లో పెట్టిన బడి అది. క్లింటన్ కూతురు, ఒబామా కూతుళ్లు అక్కడే చదివారు. నిరాడంబరత, సమానత్వం, శాంతి క్వేకర్లు పాటించే విలువలు. వారానికోసారి పిల్లలూ టీచర్లూ ఒకచోట చేరి మౌనంగా కూర్చుంటారు. ఇంత ప్రశాంతమైన బడి మీద 2019లో అట్లాంటిక్ పత్రిక ఒక కథనం వేసింది. నంబరు కనపడకుండా చేసే ఫోన్లకు స్పందించబోమనీ, పిల్లల మీద పేరూ ఊరూ లేకుండా వచ్చే ఉత్తరాలను పట్టించుకోబోమనీ కాలేజీ కౌన్సెలింగ్ విభాగం తల్లిదండ్రులకు రాతపూర్వకంగా చెప్పుకోవాల్సి వచ్చిందట. ముగ్గురు కౌన్సెలర్లలో ఇద్దరు బడి వదిలేశారట కూడా. ఆకాశరామన్న మన మండలాఫీసులకే పరిమితమనుకున్నాం. ఆయనకి వాషింగ్టన్‌లో అందరికీ దొరకని చోట సీటు దొరికింది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. కొలిచేది మార్కులైతే పక్కింటి పిల్లకి ఒక మార్కు తగ్గాలని లోలోపల దేవుణ్ణి అడుగుతాం, అంతకు మించి చేయగలిగిందీ లేదు. కొలిచేది వ్యక్తిత్వమైతే పక్కింటి పిల్ల వ్యక్తిత్వం మీదే ఉత్తరం రాయాలి.

ఇవన్నీ ఎత్తిపొడుపు మాటలు, లెక్కలేవీ అనే పాఠకుల కోసం లెక్కలు కూడా ఉన్నాయి. రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్తలు 2023లో ఐవీ లీగ్ ఎనిమిదింటికి స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో కలిపి పన్నెండు విద్యాసంస్థల గుట్టు విప్పారు. కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీలోనో ఏసీటీలోనో ఒకే మార్కులు తెచ్చుకున్న పిల్లల్లో, దేశంలో పై ఒక్క శాతం ధనిక కుటుంబాలవాళ్లు అక్కడ చేరే అవకాశం మధ్యతరగతి పిల్లల కంటే రెట్టింపు పైనే ఉంది. దానికి వాళ్లు చెప్పిన కారణాలు మూడు. పూర్వ విద్యార్థుల సంతానమని చూపే మొగ్గు, క్రీడాకారులుగా తీసుకోవడం, మూడోది చదువుతో సంబంధం లేని విషయాలకిచ్చే రేటింగు. ఈ మూడోదాంట్లో ప్రైవేటు హైస్కూళ్ల పిల్లలదే పైచేయి. తమాషా ఏమిటంటే, చదువయ్యాక ఎవరు రాణిస్తారో ఎస్ఏటీ మార్కులు బాగానే సూచించాయి కానీ, ఆ రేటింగులు సూచించలేదు. సిఫారసు లేఖలు రాసేవాళ్ల సంగతి చూడండి. కౌన్సెలరుకి 250 మంది పిల్లలకు మించి ఉండకూడదని అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం చెబుతుంది, దేశ సగటు 350 దాటింది. ఆ కౌన్సెలరే టైమ్‌టేబుల్ మార్పులూ చూడాలి, ఏడ్చే పిల్లల్నీ ఓదార్చాలి. యాభై లక్షల బడిలో కాలేజీ కౌన్సెలరుకి కొన్ని పదుల మంది, చేసేది ఈ ఒక్క పనే. కోవిడ్ రోజుల్లో చాలా కాలేజీలు ఎస్ఏటీ రాయడం మీ ఇష్టం అన్నప్పుడు పేద పిల్లలకి మేలు జరుగుతుందని అందరూ చప్పట్లు కొట్టారు. 2024 ఫిబ్రవరిలో డార్ట్‌మత్ కాలేజీ ఆ పరీక్షని మళ్లీ తప్పనిసరి చేసింది. సొంత ప్రొఫెసర్లు తరచి చూస్తే, అడ్మిషన్‌కి ఉపయోగపడే మార్కులే తెచ్చుకున్న పేదింటి పిల్లలు అవి చాలవేమోనని దాచుకుని నష్టపోయారని తేలింది. ఎంఐటీ 2022లోనే పరీక్ష వైపు తిరిగి వచ్చింది.

'అయితే మన కార్పొరేట్ కాలేజీలే మేలంటారా?' అనే ప్రశ్న ఇక్కడికి రాకుండా ఉండదు. అనను. పిల్లల ఆత్మహత్యల మీద 2001లో నీరదా రెడ్డి కమిటీ వేశారు, 2017లో చక్రపాణి కమిటీ వేశారు. మొదటి కమిటీ మాట విని ఉంటే రెండోదానితో పని పడేది కాదు. తేడా ఒక్కటే. మన దగ్గర క్రూరత్వాన్ని క్రూరత్వమనే పిలుస్తాం, దానికి గోడలున్నాయి, గేటుంది, తిట్టుకోవడానికి ఒక యాజమాన్యం ఉంది. అక్కడ దాని పేరు సర్వతోముఖ వికాసం. మన దేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త సునియా లూథర్, ఫలితాల్లో ముందుండే బళ్లలో చదివే పిల్లల్లో ఆందోళన, కుంగుబాటు, మత్తు అలవాట్లు దేశ సగటుని మించి ఉన్నాయని ఏళ్ల తరబడి చూపిస్తూ వచ్చారు. 2019లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక ఆ బళ్ల పిల్లల్ని ప్రమాదం అంచున ఉన్న వర్గాల్లో చేర్చింది. పేదరికంలో పెరిగే పిల్లలు, తల్లిదండ్రులు జైల్లో ఉన్న పిల్లలు చేరే జాబితా అది. ఇలాంటి బళ్లు ఇప్పుడు వెల్‌నెస్ గదులు కట్టిస్తున్నాయి, పరీక్షల వారంలో నిమరడానికి కుక్కపిల్లల్ని తెప్పిస్తున్నాయి. మంచిదే. అయితే ఆ గది తెరిచిన నెలలోపే వెల్‌నెస్ క్లబ్బు ఒకటి పుడుతుంది, దానికి ప్రెసిడెంటు, వైస్ ప్రెసిడెంటు ఎన్నికవుతారు, ఒత్తిడి తగ్గించడం ఎలాగో చెప్పే పోస్టర్లు ఆ ఇద్దరూ అర్ధరాత్రి దాకా మేల్కొని గీస్తారు. వారానికి నాలుగు గంటలు, ఏడాదికి ముప్పై ఆరు వారాలు.

ఫీజు రాయితీ ఇస్తున్నారు కదా అంటారు. ఇస్తున్నారు, కొందరికి. సగానికి పైగా పూర్తి ఫీజు కట్టేవాళ్లే కాబట్టి ఆ కొందరి ఫొటోలతోనే ప్రొఫైల్ నిండుగా ఉంటుంది. ఇక తప్పంతా మన తెలుగు తల్లిదండ్రుల రంధిదే అని తేల్చేయడం సులువు. ఆట నియమాలు వాళ్లు రాయలేదు. పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే మొగ్గుని కాలిఫోర్నియా 2024లో చట్టం చేసి నిషేధిస్తే, రాష్ట్రం ఇచ్చే ఉపకార వేతనాల సొమ్మునైనా వదులుకుంటాం కానీ ఆ మొగ్గు వదలం అని మరుసటి ఏడాది చెప్పింది స్టాన్‌ఫర్డ్. ఆ కాలేజీల్లో చదివిన తాతలు మనకు లేనప్పుడు మనకి దిక్కు కూచిపూడీ ఫుడ్ బ్యాంకే. అందుకని కామన్ అప్లికేషన్ వారికి ఒక చిన్న విన్నపం. పది గడుల కింద పదకొండోది ఒకటి చేర్చండి: ఊరికే కూర్చున్న సమయం, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు. పిల్లలు ఆ కాసేపైనా కిటికీలోంచి బయటికి చూస్తారు. గడి పెట్టిన మర్నాటికల్లా ఎడిసన్‌లోనూ క్యూపర్టినోలోనూ ఊరికే కూర్చోవడం నేర్పే సమ్మర్ క్యాంపులు తెరుస్తారని తెలుసు. రెండు వారాల కోర్సు, ఆరు వేల డాలర్లు, ఆఖర్న సర్టిఫికెట్. మార్చిలోపు కట్టినవాళ్లకి పది శాతం తగ్గింపు, అన్నాచెల్లెళ్లు కలిసి చేరితే ఇంకో అయిదు.